పదకొండు సెకన్లు

మార్చి 9, ఆదివారం

సుబ్బలక్ష్మి ఆంటీ సాక్ష్యం సంఘం ఛానెల్లో ఎక్కించేశాను. కెమెరా ముందు ఆవిడ నిమిషం నలభై ఒక్క సెకన్లు మాట్లాడింది. మా రూలు తొంభై సెకన్లు. తొంభై దాటితే జనం బొటనవేలు ఆగదట, దేవుని కార్యం ఎంత పెద్దదైనా ఆ లోపే చెప్పి దిగిపోవాలట. ఇది మా పాస్టరు అయ్యగారి మాట. ఆయన ప్రసంగం మాత్రం గంటా నలభై నిమిషాలు.

పదకొండు సెకన్లు ఎక్కడ కొయ్యాలో తెలియక మధ్యాహ్నమంతా తిప్పలు. ఆంటీ భర్తగారు ఏ శాఖలో రిటైరయ్యారో చెప్పిన ముక్క తీసేస్తే ఆవిడ మొహం మాడ్చుకుంటుంది. ఏడ్చిన ముక్క తీసేస్తే అయ్యగారు మొహం మాడ్చుకుంటారు. చివరికి దొరికింది. "బిళ్ళలు మాత్రం మానలేదండి, డాక్టరుగారు రాసినవి రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను, దాంతోపాటే ప్రార్థన" అన్న చోటు. సరిగ్గా పదకొండు. కోసి, అతుకు మీద ఒక తెల్ల పావురాన్ని ఎగరేశాను. ఇప్పుడు ఆవిడ "నూట తొంభై ఉండేదండి నా బీపీ" అంటుంది, పావురం ఎగురుతుంది, "ఇప్పుడు నూట ఇరవై!" అని నవ్వుతుంది.

అతుకు ఎక్కడో చెప్పమని ఉదయ్‌ని కూర్చోబెట్టాను. మూడుసార్లు చూసి చెప్పలేకపోయాడు. మా ఆయన కనిపెట్టలేకపోవడం పెద్ద విశేషం కాదు. కానీ నేను వారమంతా ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి జీతం తీసుకునే దాన్ని. నాకే కనపడలేదు.

మార్చి 11, మంగళవారం

ఆరు వేల మంది చూశారు. మా ఛానెల్ పుట్టి బుద్ధెరిగాక ఇన్ని లేవు. సంఘం గ్రూపులో అయ్యగారు "సహోదరి ప్రవీణ చేతుల్లో అభిషేకం ఉంది" అని పెట్టారు. కింద నూట పన్నెండు మంది చేతులు జోడించారు. ఉదయ్ చూసి, "అభిషేకం కాదు, పావురం" అన్నాడు.

అన్నం వడ్డించలేదు. పెట్టుకుని తిన్నాడు.

మార్చి 12, బుధవారం

బాలమ్మకి కూడా వీడియో వెళ్ళిందట. ఎవరో పంపారు.

బాలమ్మ మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్. నానక్‌రామ్‌గూడ పాత ఊరి మనిషి. మా ఆఫీసు లిఫ్టులు ఉన్నచోట వాళ్ళ మామ జొన్న వేసేవాడట. నేను ఆ లిఫ్టు ఆలస్యమైందని విసుక్కుంటే నవ్వుతుంది. పోయిన ఉగాదికి పోచమ్మకి కోడి మొక్కుకుంది, జనవరి నుంచి మా సంఘానికీ వస్తోంది. ఇదేంటి బాలమ్మా అంటే, "ఇద్దరు జూసుకుంటే నష్టమేంది మేడం?" అంటుంది. అయ్యగారికి ఇంకా ఈ సంగతి తెలియదు. తెలిస్తే పోచమ్మని వదిలానని ఆవిడ చేత వేరే తొంభై సెకన్లు చెప్పిస్తారు.

పాంట్రీలో మగ్గులు కడుగుతూ వీడియో రెండోసారి పెట్టుకుంది. "గీ అమ్మ మస్తు చెప్పింది మేడం. నాది గూడ బీపీయే" అంది. ఇంకా ఏదో అడిగింది. నాకు కాల్ ఉంది.

మార్చి 16, ఆదివారం

ఇరవై ఎనిమిది వేలు.

సుబ్బలక్ష్మి ఆంటీకి ముందు వరుసలో కుర్చీ వేశారు. మేం ఆరాధన చేసుకునేది మణికొండలో ఒక ఫంక్షన్ హాల్ మూడో అంతస్తులో. ముందు వరుస అంటే పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు కూర్చునే ఎర్ర సోఫాలు. ఆంటీ అచ్చం వియ్యపురాలిలా కూర్చుంది. ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు బీపీ వాళ్ళొక వరుస, థైరాయిడ్ వాళ్ళొక వరుస కట్టి ఆవిడ చేత తల మీద చెయ్యి పెట్టించుకున్నారు.

మార్చి 20, గురువారం

ఆఫీసులో రిలీజ్ వారం. ఏమీ రాయను.

మార్చి 27, గురువారం

బాలమ్మ పడిపోయింది.

పదిన్నరకి. పాంట్రీలో. కప్పు పగిలిన చప్పుడు విని, ఎవరో కప్పు పగలగొట్టారులే అనుకున్నాం. నిజంగా అంతే అనుకున్నాం, నేను హెడ్‌ఫోన్లు కూడా తియ్యలేదు. తర్వాత ఎవరో అరిచారు. వెళ్ళేసరికి నేల మీద కూర్చుని ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటోంది. అది జారిపోతోంది. మళ్ళీ ఎత్తి పెట్టుకుంటోంది. మూతి ఒక పక్కకి వెళ్ళిపోయింది. నన్ను చూసి ఏదో అంది. మాట కాదు అది.

ఆస్పత్రిలో బీపీ రెండొందల పది. కూతురు పింకీ, మాల్‌లో తను పనిచేసే బట్టల షాపు యూనిఫాం మీదే పరిగెత్తుకొచ్చింది. డాక్టరు "మందులు మానేసిందా?" అని అడిగితే, "లేదు సార్, రోజు ఏస్కుంటది, మస్తు ఫికర్ తోని ఏస్కుంటది" అంది.

నేను పక్కనే ఉన్నాను.

మార్చి 28, శుక్రవారం

పింకీ ఫోన్. "అక్కా, ఇంట్ల చూసిన. డబ్బాల గోలీలు గట్లనే ఉన్నయ్. పన్నెండో తారీఖు సంది ముట్టలే. ఎందుకు బంద్ చేసిందో ఏమో, నీకేమన్న చెప్పిందా?"

"లేదమ్మా" అన్నాను.

మార్చి 29, శనివారం

తొంభై సెకన్ల రూలు నాది కాదు.

మార్చి 29, శనివారం, మళ్ళీ

రూలు అయ్యగారిది. బిళ్ళలు వేసుకుంటున్నానని చెప్పిన ఆంటీ, ఆ మాట వీడియో మొదట్లోనే చెప్పి ఉండొచ్చు. భర్తగారి శాఖ కంటే ముందు. ఇక బాలమ్మ, చదువు లేకపోతే మాత్రం, ఎవరో చెప్పింది విని మందు మానేస్తారా? ఎవరో పంపిన వీడియో. ఇలాంటివి రోజుకి లక్ష తిరుగుతాయి.

ఉదయ్ అడిగాడు, ఎందుకు నిద్రపోవట్లేదని. ఎండలు మొదలయ్యాయి కదా అన్నాను. ఏసీ పద్దెనిమిది మీద ఉంది.

మార్చి 30, ఆదివారం

ఆరాధన అయ్యాక అయ్యగారిని కలిశాను. హాలు వెనక వధువు డ్రెస్సింగ్ రూమే ఆయన ఆఫీసు. చుట్టూ బల్బులు పెట్టిన అద్దం ముందు కూర్చుని ఉంటారు. ఆయన పేరు విశ్వేశ్వరరావు. మారుమనసు పొందాక కూడా పేరు మార్చుకోలేదు. ఆ పేరుంటే ఆయన నోరు తెరవకముందే సగం సాక్ష్యం అయిపోతుంది. చెడ్డవాడు కాదు. కోవిడ్‌లో మా అత్తగారిని పాతిపెట్టడానికి మేమే వెళ్ళడానికి భయపడితే ముందు నడిచింది ఆయనే. అందుకే ఆయన్ని తిట్టుకోవడం కూడా సగం సగమే అవుతుంది.

బిళ్ళల ముక్క కోసిన సంగతి చెప్పాను. బాలమ్మ సంగతి చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"అమ్మా, ఆ సహోదరి మానెయ్యాలని మనం చెప్పామా?"

"వేసుకోమన్న మాట తీసేశాం అయ్యగారూ."

"తీసెయ్యడం వేరు, మానెయ్యమనడం వేరు."

"వీడియో ఆపేద్దాం."

"నలభై ఒక్క వేల మంది ఆదరణ పొందారమ్మా. ఆపేస్తే జనం ఏమనుకుంటారు? అద్భుతం అబద్ధమా అంటారు. ఈస్టర్ పండగ ముందర."

కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. అందరూ బాధపడ్డారు. ఒకాయన బాలమ్మ కోసం ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన పెడదామన్నాడు. ఇంకొకాయన, ఆయన లాయరు, వీడియో కింద చిన్న అక్షరాలతో "వైద్యుల సలహా తీసుకోగలరు" అని పెట్టమన్నాడు. ఎంత చిన్నగా అంటే, "మరీ కనపడేలా వద్దమ్మా" అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా వాళ్ళు ఆ పిడికెడు కూడా ఒకరి చేతిలోంచి ఒకరు పడకుండా జాగ్రత్తగా దాటించుకుని చివరికి కింద పెట్టేశారు.

ఇంటికొచ్చి చిన్న అక్షరాలు పెట్టాను. ఇంకా చిన్నవి దొరికితే అవే పెట్టేదాన్ని.

ఏప్రిల్ 2, బుధవారం

సుబ్బలక్ష్మి ఆంటీ ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చింది. విషయం చెప్పేసరికి తన కప్పు టక్కున సాసర్లో పెట్టేసింది.

"నేను చెప్పానమ్మా! బిళ్ళల మాట చెప్పాను! నువ్వే కెమెరా పట్టుకున్నావు."

"చెప్పారు ఆంటీ. నేనే కోశాను. వీడియోలో ఆ ముక్క లేదని మీరు చూళ్ళేదా?"

సాసరు దూరంగా జరిపింది. తర్వాత, "చూశాను. మొదటిరోజే చూశాను. బాగానే ఉందిలే అనిపించింది. ఎవరూ నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టలేదే అమ్మా ఇన్నాళ్ళు" అంది.

ఇప్పుడు ఆవిడ రోజూ బిళ్ళలు బాత్రూంలోకి తీసుకెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని, పంపు తిప్పి వేసుకుంటోందట. ఇంట్లో ఉండేది ఆవిడా, భర్తగారూ. ఆయనే మెడికల్ షాపు నుంచి తెచ్చి ఇస్తాడు. మరి ఎవరికి తెలియకూడదని? "ఏమోనే, సిగ్గేస్తోంది" అంది. నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ ఏడ్చింది. నేను ఏడవలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

బాలమ్మ నిన్న ఇంటికొచ్చేసిందని తెలిసి, ఆరాధన అయ్యాక వెళ్ళాను. యాపిల్స్ పట్టుకెళ్ళాను. మూతి పక్కకి పోయిన మనిషికి యాపిల్స్. తెలివి అలా ఏడ్చింది.

టవర్ల వెనక సందు. ఒకటే గది కిరాయికి ఉంటున్నారు. కిటికీలోంచి మా ఆఫీసు అద్దాల గోడ కనిపిస్తుంది. బాలమ్మ మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. మాట వస్తోంది, కానీ ఒక్కో ముక్కా నమిలి బయట పెడుతోంది. పింకీ చాయ్ పెట్టడానికి బయటికి వెళ్ళింది.

చెప్పాలనే వెళ్ళాను. దేవుడి సాక్షిగా చెప్పాలనే వెళ్ళాను.

నేను నోరు తెరవకముందే అంది, "మేడం, నాకు నమ్మకం తక్కువైంది. గా సుబ్బలక్ష్మమ్మకు పూర నమ్మకం ఉండె, దేవుడు జూసిండు. నాకు సగమే ఉండె. పోచమ్మను ఇడ్వలే నేను. అందుకే గిట్ల పడ్డ."

నేను ఏమన్నాను? "అలా అనుకోకు బాలమ్మా" అన్నాను. అంతే. ఆవిడ చెయ్యి నిమిరాను, ఆ పడిపోయిన చేతినే నిమిరాను. ఆవిడకి తెలియను కూడా తెలియలేదు.

ఇంకొకటి రాస్తున్నాను, ఇది ఎవరూ చదవరు కాబట్టి. తప్పు ఆవిడ తన మీద వేసుకున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఒక్క క్షణం. బస్సులో సీటు దొరికినట్టు.

ఏప్రిల్ 7, సోమవారం

ఎవరో పంపారు, ఎవరో పంపారు అని రాస్తున్నాను మొదటినుంచీ. పంపింది నేనే. పన్నెండో తారీఖు పొద్దున, స్కూటీ పార్కింగ్‌లో పెడుతూ, నా ఫోన్లో ఉన్న వాళ్ళందరికీ పంపాను. పాలవాడికి పంపాను. గ్యాస్ ఏజెన్సీకి పంపాను. బాలమ్మకి రెండుసార్లు పంపాను.

ఏప్రిల్ 10, గురువారం

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి చెప్పేస్తాను. కోసింది నేనేనని, అందరి ముందు. ఉదయ్‌కి చెప్పాను. "బాలమ్మకి చెప్పావా?" అన్నాడు.

ముందు సంఘంలో చెప్పుకోవాలి, అది పద్ధతి అన్నాను.

"ఏ పద్ధతి?"

ఈయనకి పద్ధతులేం తెలుసు. ప్రసంగంలో నిద్రపోతాడు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పిల్లలు కొబ్బరి మట్టలు ఊపుకుంటూ లిఫ్టులో వచ్చారు. ఒక మట్ట తలుపుల మధ్య ఇరుక్కుని లిఫ్టు ఆగిపోయింది. రాజాధిరాజుగారి ప్రవేశం రెండో అంతస్తులో ఇరవై నిమిషాలు ఆలస్యం.

సాక్ష్యాల వేళ లేచాను. మైకు తీసుకున్నాను.

"సుబ్బలక్ష్మి ఆంటీ వీడియోలో ఒక మాట నేను కోసేశాను" అన్నాను.

"స్తోత్రం!" అన్నారు.

అలవాటు. మైకులో ఎవరు ఊపిరి తీసుకున్నా మా వాళ్ళు స్తోత్రం అంటారు.

"ఆవిడ బిళ్ళలు మానలేదు. ఆ మాట నేను తీసేశాను."

"ప్రభువుకే మహిమ!"

"అది చూసి ఒకామె మందులు మానేసి, పక్షవాతం వచ్చి పడిపోయింది."

ఇక్కడ మటుకు కొందరు ఆగారు. వెనక నుంచి ఒక పెద్దాయన, చెవులు సరిగా వినపడవు పాపం, "హల్లెలూయా" అన్నాడు.

నేను ఇంకా చెప్పబోతుంటే అయ్యగారు లేచొచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. మైకు ఎప్పుడు చేతులు మారిందో తెలియలేదు. "చూశారా సహోదరి పశ్చాత్తాపం! చూశారా ఆ కన్నీళ్ళు! ఈ రోజుల్లో తప్పు ఒప్పుకునే వాళ్ళేరీ?" అన్నారు. చప్పట్లు. నాకు కన్నీళ్ళు రాలేదు. ఏసీ నేరుగా మొహం మీద కొట్టి ముక్కు కారింది, అంతే. ఇద్దరు అమ్మాయిలు వచ్చి కౌగిలించుకుని, "ఎంత ధైర్యం అక్కా మీకు" అన్నారు. కమిటీ లాయరు గారైతే నన్ను చూపించి వాళ్ళావిడతో ఏదో చెబుతున్నాడు, మెచ్చుకుంటూ. వీడియో సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎంత తేలికైపోయానో. ఇంటికొస్తూ దారిలో ఆగి బిర్యానీ తిన్నాం. నేను రెండు ప్లేట్లు తిన్నాను. ఉదయ్ నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఏమిటలా చూస్తావ్ అంటే, "ఏం లేదు, తిను" అన్నాడు.

ఏప్రిల్ 14, సోమవారం

పొద్దున ఏడున్నరకి పింకీ ఫోన్.

"అక్కా, నువ్వు జర వస్తవా? అమ్మ గోలీలు మింగుతలేదు. దవాఖానోళ్ళు ఇచ్చినయన్ని దిండు కింద పెట్టింది. దుప్పటి దులిపితే రాలినయ్. మల్లొకసారి వస్తె బతుకదని డాక్టర్ చెప్పిండక్కా. నా మాట ఇంటలేదు. నువ్వు చెప్తే ఇంటది, నువ్వంటే పాణం గామెకు."

స్కూటీ ఎలా నడిపానో తెలియదు.

బాలమ్మ కూర్చుని ఉంది. పక్కన స్టీలు ప్లేటులో బిళ్ళలు, నేల మీద నుంచి ఏరినవి, తెలుపువీ గులాబీవీ, పద్దెనిమిది. పింకీ లెక్కపెట్టిందట. నన్ను చూసి బాలమ్మ సిగ్గుపడినట్టు నవ్వింది.

"ఈసారి పూర నమ్మకం పెట్టిన మేడం. సగం గాదు. పోచమ్మ పటం గూడ తీపిచ్చిన."

గోడ మీద మేకు ఒక్కటే ఉంది. దాని చుట్టూ నలుచదరంగా సున్నం తెల్లగా ఉంది.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఇక మాటలు వెతుక్కోలేదు. ల్యాప్‌టాప్‌లోంచి అసలు వీడియో ఫోన్లోకి పొద్దునే వేసుకున్నాను, బయల్దేరే ముందు. అది పెట్టి ఆవిడ చేతికిచ్చాను. సుబ్బలక్ష్మి ఆంటీ వచ్చింది. భర్తగారి శాఖ వచ్చింది. నూట తొంభై వచ్చింది. పావురం రాలేదు. "బిళ్ళలు మాత్రం మానలేదండి, డాక్టరుగారు రాసినవి రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను, దాంతోపాటే ప్రార్థన."

బాలమ్మ వేలు పెట్టి వెనక్కి జరిపింది. మళ్ళీ విన్నది. ఇంకోసారి విన్నది.

"గిది నాకొచ్చిన దాంట్ల లేదు."

"లేదు. నేను కోసేశాను."

"ఎందుకు?"

టైము కోసం అన్నాను. టైము ఎక్కువైంది బాలమ్మా, అన్నాను. చెబుతుంటేనే సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎంత ఎక్కువైంది?"

"పదకొండు సెకన్లు."

పింకీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ అమ్మాయి మొహం వైపు చూడలేకపోయాను. బాలమ్మ మాత్రం నన్నే చూస్తోంది. తర్వాత మెల్లగా, ఒక్కో ముక్కా నములుతూ అంది.

"నేను నిన్ను అడిగిన మేడం. ఆ దినం. మగ్గులు కడుగుతున్న. గామె గోలీలు బంద్ చేసిందా, నేను గూడ చేస్తె ఏమన్న అయితదా అని అడిగిన. యాదికున్నదా?"

ఉంది. ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. 'ఇంకా ఏదో అడిగింది' అని రాసుకున్నాను. ఏదో! ప్రతి అక్షరం గుర్తుంది నాకు. చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుంటూ, నడుస్తూ, "అన్నీ ఆయనే చూసుకుంటాడు బాలమ్మా" అన్నాను. ఆవిడ సబ్బు చేతులతోనే దణ్ణం పెట్టింది. నేను అది కూడా చూశాను. నిన్న అంతమంది ముందు కోశాను కోశాను అని ఒప్పుకుంటే స్తోత్రం అన్నారు. ఈ ముక్క ఒప్పుకోలేదు. ఈ ముక్క ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

"ఉంది" అన్నాను. "అడిగావు. వేసుకో అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. నీ నమ్మకం తక్కువ కాలేదు బాలమ్మా. నన్ను నమ్మావు. తప్పంతా అదే. నన్ను..."

క్షమించమని అనబోయాను. పడిపోని చెయ్యి ఎత్తి ఆపింది.

"ఆగు. ముందు గోలీ మింగనీ."

పింకీ నీళ్ళు తెచ్చింది. బిళ్ళ మింగడానికి చాలాసేపు పట్టింది. సగం నీళ్ళు మూతి పక్క నుంచి జాకెట్టు మీద పడ్డాయి. తుడవబోతే వద్దంది. మింగాక నోరు తెరిచి చూపించింది. డాక్టరుకి చూపించినట్టు.

"ఇప్పుడు చెప్తున్న. నువ్వు ఏడ్చుడు వద్దు, పండ్లు తెచ్చుడు వద్దు. రోజు పొద్దుగాల ఎనిమిదింటికి రా. నీ చేతుల గోలీ నా చేతుల పెట్టు. నేను మింగెదాక కూసో. గంతే."

మా సంఘంలో ప్రాయశ్చిత్తం లేదు. ఒప్పుకుంటే చాలు, అంతా తుడిచిపెట్టుకుపోయిందంటారు. బాలమ్మ మా సంఘంలో చేరి మూణ్ణెల్లే అయింది, ఇంకా అన్నీ తెలియవు.

"సరే" అన్నాను.

పింకీ నన్ను సాగనంపడానికి రాలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఎనిమిదీ పది. "లేటు" అంది.

ఏప్రిల్ 16, బుధవారం

ఆ వీడియో ఛానెల్లోంచి తీసేశాను. అసలుది, నిమిషం నలభై ఒకటిది, పావురం లేకుండా పెట్టాను. కింద పెద్ద అక్షరాలతో, నేను ఏం కోశానో, ఎవరికి ఏమైందో రాశాను. బాలమ్మని అడిగే రాశాను. పేరు రాయొద్దంది. "నా పేరెందుకు, నీ పేరు రాయి" అంది. రాశాను.

అయ్యగారు ఫోన్ చేశారు. ఆయన కోప్పడరు, అదే బాధ.

"ఎందుకమ్మా ఇంత తొందర? ఆదివారం ఒప్పుకున్నావు కదా, అంతటితో అయిపోయింది కదా."

"నాకు అయిపోయింది అయ్యగారూ. చూసిన నలభై వేల మందికి అయిపోలేదు. అందులో ఎంతమంది బిళ్ళలు దిండు కింద పెట్టుకున్నారో మీకు తెలుసా, నాకు తెలుసా?"

అటువైపు తలుపు వేసిన చప్పుడు వినపడింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ షుగర్ ఉందమ్మా. పదకొండేళ్ళు. ఇన్సులిన్ మీదే ఉన్నాను. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు" అన్నారు.

ఆయన కోసం కొంచెం బాధేసింది. అయినా అడిగాను.

"ఆదివారం ఆ మాట మైకులో చెబుతారా?"

"పండగ పూట అదెందుకమ్మా."

సాయంత్రానికి నన్ను మీడియా గ్రూపులోంచి తీసేశారు. కొత్త వీడియోని ఇప్పటిదాకా అరవై మూడు మంది చూశారు. అందులో నాలుగు నేనే. సుబ్బలక్ష్మి ఆంటీ కింద ఒక కామెంటు పెట్టింది, "ఇది నిజం, నేను బిళ్ళలు వేసుకుంటున్నాను" అని, తన పూర్తి పేరు, భర్తగారి శాఖతో సహా.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

ఏడున్నర నుంచి సందు మొదట్లో నిలబడ్డాను, ఎనిమిదయ్యేదాకా.

పింకీ ఇవాళ చాయ్ ఇచ్చింది. మాట్లాడలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం, పండగ

తెల్లవారుజామున ఆరాధన. తెల్ల బట్టలు, పువ్వులు, కేకు. అయ్యగారి ప్రసంగం ఏడుంబావుకి ఊపందుకుంది. ఏడున్నరకి లేచాను. నాలుగో వరుస మధ్యలోంచి బయటికి రావాలంటే పదకొండు మంది మోకాళ్ళు దాటాలి. ఒక్కొక్కరూ ఒక్కో చూపు. అయ్యగారు స్టేజీ మీద నుంచి చూసి ఒక మాట దగ్గర తడబడ్డారు. ఆంటీ ముందు సోఫా వదిలేసి నా వెనక వరుసలో కూర్చుంది ఈసారి. దాటుతుంటే నా చెయ్యి పట్టుకుని వదిలింది. ఉదయ్ నాతో పాటు లేచాడు. జీవితంలో మొదటిసారి ప్రసంగంలో మెలకువగా ఉన్నాడు.

బాలమ్మ గుమ్మం వైపే చూస్తూ కూర్చుని ఉంది.

"ఇయ్యాల మీ పండుగ గదా. రావనుకున్న."

బిళ్ళ చేతిలో పెట్టాను. కుడి చేతిలో కాదు, ఎడమ చెయ్యి చాపింది. వేళ్ళు మూడు వణుకుతూ ముడుచుకున్నాయి. బిళ్ళ రెండుసార్లు జారి దుప్పటి మీద పడింది. నేను తీసి మళ్ళీ పెట్టాను. మూడోసారి నిలిచింది. ఆ చెయ్యి నోటిదాకా వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, గడియారం చూడలేదు. మింగింది. నోరు తెరిచి చూపించింది.

ఇన్ని రోజులుగా గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు అడిగాను. "నన్ను క్షమించావా బాలమ్మా?"

ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, మొహమాటానికి కాదు.

"ఇంకా గాలే" అంది. "రేపు రా."

రేపు సోమవారం. ఆఫీసులో మొదటి కాల్ తొమ్మిదిన్నరకి. ఎనిమిదింటికి వెళ్ళొచ్చు.